ఇత్తడి రేకు మీద పసుపు

నేను ఒక ఆరు వోల్టుల ట్రాక్టర్ని. నిజానికి చెప్పాల్సింది ఇంతే. ఈ ఒక్క మాట బయటికి రాక ఒక ఆడమనిషి మడి బీడుపడే పని అయింది గనక మిగతాది కూడా చెబుతాను.

పుట్టింది సముద్రానికి అవతల. నన్ను చేసినవాళ్ల మొహాలు గుర్తు లేవు, చేతులే గుర్తు. అందులో ఒక చెయ్యి నా డైనమో మీద చిన్న ఇత్తడి రేకు పెట్టి నాలుగు మేకులు కొట్టింది. నాకు ఎంత కరెంటు కావాలో ఆ రేకు మీద అచ్చు వేసి ఉంది. నోరంటూ నాకుంటే అదే.

చెక్కపెట్టెలో మద్రాసు రేవులో దిగాను. మొదట నన్ను కొన్నది ఒక రైసుమిల్లు ఆసామి. నా పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. బురదలో మాత్రం నేనొక్కదాన్నే దిగాను. తర్వాత సహకార సంఘానికి పోయాను. పదిమంది సొత్తుకు నూనె పోసేవాడు ఒక్కడూ ఉండడని అక్కడ తెలిసింది. ఒక డ్రైవరు నా బ్యాటరీ పెట్టెను కోసి వెడల్పు చేసి, అందులో పన్నెండు వోల్టుల లారీ బ్యాటరీ కూర్చోబెట్టాడు. నా దీపాలు రెండూ తెల్లగా మండి టప్పుమన్నాయి. కాయిలు వేడెక్కి వాసన కొట్టేసరికి భయపడి వైర్లు పీకాడు. బల్బులు నాసిరకం అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు.

అక్కడినుంచి నన్ను తెచ్చుకున్నవాడు బసవపూర్ణయ్య. ఆయన మొదటి రోజే నా రేకు తుడిచి చదివాడు. సరైన బ్యాటరీ తెచ్చి పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పే మనిషి కాదు. నేనూ అంతే గనక మా ఇద్దరికీ కుదిరింది.

దసరాకి పలుగూ పారా కడిగి, ఆఖర్న నా దగ్గరికి వచ్చేవాడు. యంత్రానికి మొహం ఏదా అని చూసి, మెరుస్తోంది గదా అని ఆ రేకే మొహం అనుకున్నాడు. తడి పసుపులో మూడు వేళ్లు ముంచి అడ్డంగా గీసేవాడు. ఆయన నడిమి వేలు కొస ఎప్పుడో బెల్టులో పడి పోయింది. అందుకని రెండు గీతలు పొడుగు, మధ్య గీత పొట్టి. మీద కుంకుమ బొట్టు. ఇరవై రెండు దసరాలు అట్టాగే. పసుపు మీద నూనె, నూనె మీద దుమ్ము, దాని మీద మళ్లీ పసుపు. మనుషులు ఒకసారి మొక్కడం మొదలుపెట్టాక దాని మీద ఏం రాసుందో చూడరు.

ఆఖరి గీతలు పెట్టిన నెలకి ఆయన పోయాడు. ఊరికే పడుంటే కారుద్దని తమ్ముడు సాంబశివరావు నా బ్యాటరీని పాత సామాన్ల వాడికి వేసేశాడు. అది ఎన్ని వోల్టులదో చూడలేదు. మూడేళ్లు పాకలో ఉన్నాను. కోళ్లు నా సీటు మీద గుడ్లు పెట్టాయి.

ఈ ఏడు బసవపూర్ణయ్య భార్య తిరపతమ్మ పాకలోకి వచ్చింది. ఆమె మడికి పోవాలంటే మురుగుకాలవ మీద తూము దాటాలి. వానలకి తూము ఒక పక్క విరిగింది. బాడుగకొచ్చే కొత్త ట్రాక్టర్లు వెడల్పు, పట్టవు. ఊళ్లో ఎడ్లు లేవు. కాలవ నీళ్లు ఆమె వంతుకి నాలుగు రోజులు. నారు ముదిరిపోతోంది. ఆ నాలుగు రోజుల్లో దమ్ము చేస్తే నాట్లు, లేకపోతే ఈ ఏడు పంట లేదు. నాకు నడుము సన్నం. నన్ను నడపడం ఆమె మడ్‌గార్డు మీద కూర్చుని మొగుడి చేతులు చూస్తూ నేర్చుకుంది.

బస్టాండు దగ్గర సెల్ఫు, డైనమో పనులు చేసే మౌలాలిని పిలిపించింది.

"ఎన్ని వోల్టుల బండమ్మా?" అన్నాడు మౌలాలి.

"నాకేం తెలుసయ్యా. ఆయన తిప్పేవాడు, అది లేచేది."

సాంబశివరావు అప్పటికే తన లారీ బ్యాటరీ మోయించుకొచ్చాడు. "పన్నెండే వదినా. లోకంలో అన్నీ పన్నెండే. తగిలించి పారెయ్ మౌలాలీ."

"తగిలించొచ్చు బాబూ. ఇది ఆరుదైతే కాయిలు మాడుద్ది. ఇట్టాంటి కాయిలు మళ్లీ దొరకదు. బండి ఇంక కోళ్లగూడే. పోనీ ఆరు పెడదామంటే, పన్నెండుదైతే సెల్ఫు తిరగలేక మూలిగి అదీ మాడుద్ది."

"చేతిలో మీటరుందిగా, పెట్టి చూడు!"

"మీటరు ఉన్న కరెంటు చూపిస్తది. లేనిది ఎట్టా చూపిస్తది?"

అతను నన్నంతా తడిమాడు. వెడల్పు పెట్టె చూసి పన్నెండన్నాడు. వోల్టులు తగ్గితే వైరు లావుండాలని, సెల్ఫుకి పోయే లావు వైరు చూసి ఆరన్నాడు. బల్బు మీద రాసుంటుందని చూస్తే బల్బులే లేవు. "సాక్షులు ఇద్దరు, చెప్పే మాటలు రెండు," అని తల గోక్కున్నాడు. ఆఖరికి డైనమో మీద నల్లటి పెచ్చు కనపడింది. "దీని కింద రేకుంటది," అని గుడ్డ కిరసనాయిల్లో ముంచాడు.

"ఆగు!" అని అరిచింది తిరపతమ్మ.

మౌలాలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "తప్పయిందమ్మా. పూజ పసుపు. మా చెయ్యి పడకూడదేమో, చూసుకోలా."

"అయ్యో, అది కాదయ్యా!" ఆమె మొహం ఎర్రబడింది. దగ్గరికొచ్చి వేలు పెట్టి చూపించింది. "రెండు పొడుగు, ఒకటి పొట్టి. చూశావా? ఆయన వేళ్లు. సరైన ఫోటో అయినా లేదు మనిషిది. ఇదే ఉంది."

"మసి పట్టిన పసుపు కోసం మడి ఎండబెట్టుకుంటావా వదినా?" అన్నాడు సాంబశివరావు.

మౌలాలి గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకో దారి చూద్దాం బాబూ. మీ బ్యాటరీ ఇక్కడే ఉండనీండి."

రెండు రోజులు చూశాడు. పాత మేస్త్రీలని అడిగొచ్చాడు. ఒకాయన ఆరన్నాడట, ఒకాయన పన్నెండన్నాడట, ఇంకొకాయన అమ్మెయ్యమన్నాడట. ఆ రెండు రోజులూ అతను నా రేకు వంక చూడలేదు. నా మాట నా మొహం మీదే ఉంది. చెప్పే వీలు లేదు.

మూడో రోజు పొద్దున తిరపతమ్మ నారుమడి నుంచి తిన్నగా పాకలోకి వచ్చింది. చేతిలో పీకి తెచ్చిన నాలుగు నారు మొక్కలు. అప్పటికే ముదిరి కణుపు కట్టాయి. వాటిని నా సీటు మీద పెట్టి, మౌలాలి ముందు చెయ్యి చాపింది.

"గుడ్డ ఇటియ్యి."

"మీరు తుడుస్తారా అమ్మా?"

"నేనే తుడుస్తా."

ముందు ఆ మూడు గీతల మీద తన మూడు వేళ్లు ఆనించింది. కాసేపు అట్టాగే ఉంచింది. తర్వాత గోటితో గీకడం మొదలుపెట్టింది. నలుపు లేచింది. కింద పసుపు, దాని కింద ఎరుపు, మళ్లీ నలుపు. ఒక్కొక్క దసరా పెచ్చుగా ఊడి ఆమె ఒళ్లో పడింది. ఒక పొర దగ్గర, "ఇది ఉప్పెన వచ్చిన ఏడు అయ్యుంటది. పసుపు దొరకలా, పలచగా పెట్టాడు," అంది. ఎవరితో అన్నదో తెలీదు. సాంబశివరావు బయటికి పోయి నిలబడ్డాడు.

ఇత్తడి మెరిసింది. మౌలాలి వంగి చూడలేదు. "మీరే చదవండమ్మా," అన్నాడు.

"ఇంగ్లీషు నాకు రాదు. అంకె మాత్రం ఆరు."

మౌలాలి గట్టిగా ఊపిరి వదిలి సాంబశివరావు బ్యాటరీ దగ్గర కూర్చున్నాడు. అది పైన సీసం పట్టీలు కనపడే పాత రకం. ఒక వైరు చివర్న, రెండోది సరిగ్గా మధ్య పట్టీకి బిగించాడు.

"సగంలో పెట్టావేంటి?" అన్నాడు సాంబశివరావు.

"ఆరు గదులు బాబూ, గదికి రెండు వోల్టులు. అమ్మగారికి మూడు గదులు చాలు. మిగతా మూడూ మీరే ఉంచుకోండి."

తిరపతమ్మ మూడేళ్ల తర్వాత మొదటిసారి నా ఎదట నవ్వింది. పెట్రోలు పోసి మీట లాగింది. రెండుసార్లు మూలిగాను. మూడోసారి లేచాను. కోళ్లు పాక దాటి పారిపోయాయి. తూము మీద నా చక్రానికీ విరిగిన అంచుకీ మధ్య జానెడు ఎడం. ఆమె ఊపిరి బిగబట్టడం సీటుకి తెలిసింది. రెండు రోజుల్లో దమ్ము అయింది. నాట్లకొచ్చిన ఆడవాళ్లు, "అత్తా, ఈసారి మమ్మల్ని కూడా దాని మీదే ఇంటికి దింపు," అని గట్టు మీదనుంచి కేకలేశారు.

పోయే ముందు మౌలాలి నా బ్యాటరీ పెట్టె మీద తెల్ల రంగుతో చెయ్యంత ఆరు అంకె వేశాడు. "ఇక ఎవరూ ఏదీ గీకక్కర్లేదమ్మా," అన్నాడు.

దసరా వచ్చింది. సాంబశివరావు పసుపు గిన్నె పట్టుకుని వచ్చాడు. "నేను పెడతాలే వదినా. నీ చేత్తో..." అని ఆగిపోయాడు. మొగుడు పోయిన చెయ్యి కుంకుమ పెట్టకూడదని వాళ్లలో ఒక పట్టింపు.

"పలుగుకీ పారకీ నువ్వు పెట్టు. దీనికి నేను పెడతా," అని గిన్నె తీసుకుంది.

మెరిసే రేకు ముందు నిలబడి మూడు వేళ్లు పసుపులో ముంచింది. ఆమె వేళ్లు మూడూ నిండువే. ఒక్క క్షణం ఆలోచించి, నడిమి వేలు కొంచెం వెనక్కి లాక్కుని గీసింది. రెండు పొడుగు, మధ్యన ఒకటి పొట్టి. మీద బొట్టు పెట్టింది.

నా నోరు మళ్లీ మూతపడింది. పడనీ. చెప్పాల్సిన ఒక్క మాటా చెప్పేశాను.