తివాచీ మీద పాడను

ఆదివారం చర్చికి వేసుకునే గట్టి మడమల బూట్లు తొడుక్కుని వచ్చింది ఓజెల్లా ప్రూయిట్. మెంఫిస్‌లోని ఆ స్టూడియోలో మైకు కింద అదే తివాచీ. ఈసారి రెండు మడతలు వేసి మరీ పరిచారు.

ఇది ఆమె మూడో రికార్డు. మొదటి రెండూ ఈ తివాచీ మీదే, బూట్లు విప్పి, చెప్పినట్టల్లా విని పాడింది. రెండూ నెల తిరక్కుండా అడ్రసు లేకుండా పోయాయి. ఇదీ పోతే కంపెనీ ఆమెను వదిలేస్తుంది. ఇక లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గరే బతుకు తెల్లారాలి.

ఎందుకు పోయాయో ఆమెకు తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచీ చర్చిలో చెక్కనేల మీద కాలితో దరువేస్తూ పాడిన మనిషి. అక్కడ వాయిద్యాలు లేవు, ఆడవాళ్ల మడమలే తాళం. కాలు మూగబోతే ఆమెకు గొంతు పెగలదు.

"బూట్లు విప్పమ్మాయ్," అన్నాడు కెండ్రిక్. కంపెనీ న్యూయార్క్ నుంచి పంపిన మనిషి, పాట ఎలా ఉండాలో తేల్చేది ఆయనే. "చప్పుడు టేపులో పడుతుంది."

"పడనివ్వండి కెండ్రిక్ గారూ."

"జనం కొనేది పాటని. గుర్రపు డెక్కల చప్పుడుని కాదు."

డ్రమ్ముల వెనక లూషియస్ కిసుక్కుమన్నాడు. ఓజెల్లాకు పెదనాన్న కొడుకు. "ఆ గుర్రాన్ని చిన్నప్పట్నించీ చూస్తున్నానండీ. కళ్లెం వేస్తే తంతది."

"నువ్వూరుకో అన్నా!" అంటూనే ఓజెల్లా వంగి తివాచీ చుట్టేసి గోడకి ఆనించింది. కింద సిమెంటు. మడమతో తట్టింది. పలకలేదు.

ఆ స్టూడియో ఒకప్పుడు బల్లలూ కుర్చీలూ అమ్మే కొట్టు. వెనక పెరట్లో పాత తలుపొకటి పడి ఉంది. ఆమె దాన్ని ఈడ్చుకొచ్చి, కింద రెండు బద్దలు పెట్టి పరిచి, పైకెక్కి మడమ వేసింది. ధణ్!

"ఏమిటిది?" అన్నాడు కెండ్రిక్.

"మీ నేల పలకట్లేదండీ. నాది నేను తెచ్చుకున్నా."

"ఇది నీకు ఆఖరి అవకాశం. తెలుసుగా?"

"తెలుసండీ. పోతే ఈసారి నా పాట పోతుంది. ఆ రెండుసార్లూ పోయింది మీ పాట, చెడ్డపేరు మాత్రం నాకొచ్చింది."

ఆయన అద్దాల గదిలోకి పోయాడు. తలుపు మీద ఆమె మడమ దరువులు నాలుగు పడ్డాక లూషియస్ డ్రమ్ములతో అందుకున్నాడు. వదిలేసి పోయిన మొగుడు తిరిగొస్తే గడియ తియ్యని ఇల్లాలి పాట అది. రెండు రికార్డుల్లో బతిమాలిన గొంతు ఇవాళ నిలదీసింది. పక్కనున్న బ్యూటీ పార్లర్‌లోని ఆడవాళ్లు తలకి తువ్వాళ్లతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

పాట అయ్యాక కెండ్రిక్ బయటికొచ్చాడు. "బావుంది. ఇంకోసారి, కాలు లేకుండా."

"పాడనండీ."

ఆయన టేపు యంత్రం దగ్గరున్న డ్యూయీ వైపు తిరిగాడు. "కాలొక్కటీ తీసెయ్యి."

డ్యూయీ కళ్లజోడు తుడుచుకున్నాడు. "కుదరదు సార్. అన్నీ కలిసి ఒకే టేపులో పడ్డాయి. కాలు తీస్తే గొంతూ పోతుంది."

ఓజెల్లా కోటు తొడుక్కుంది. "అయితే మొత్తం ఉంచండి, లేదా మొత్తం పారేయండి. సగం ఓజెల్లాని మాత్రం అమ్మొద్దు."

మర్నాడు పొద్దున ఎప్పట్లాగే లాండ్రీకి పనికెళ్లింది.

రెండు నెలలు కబురు లేదు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, లాండ్రీ కిటికీలో రేడియో గురగురలాడుతుండగా నాలుగు దరువులు వినపడ్డాయి. ధణ్, ధణ్, ధణ్, ధణ్. తర్వాత గొంతు.

"ఏమే, ఇది నువ్వు కదూ!" అని పక్క యంత్రం దగ్గర్నించి అరిచింది అర్లీన్. అంటూనే కాలు వేసింది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక వరసంతా. పాత చెక్కనేల కదా, కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "కాళ్లు ఆపండి! యంత్రాలు అదురుతున్నాయ్!"

ఓజెల్లా ఆయన మొహంలోకి చూస్తూనే, ఇస్త్రీ యంత్రం పెడల్ మీంచి కాలు తీసి నేల మీద ఇంకా గట్టిగా వేసింది.