ముంతలో గొంతు

కోసిగిలో సుగ్గికి, అంటే కూలి పనికి దూరదేశం వలస పోయే కాలం వస్తే కుమ్మరి ఇంటి ముందు జనం గుమిగూడతారు. గిన్నెలు, బియ్యం, దుప్పట్లు మూటగట్టుకున్నాక ఊరు విడిచే మనిషి కొత్త ముంతలోకి వంగి నాలుగు మాటలు మాట్లాడతాడు. మూతికి గుడ్డ కట్టి ఇంట్లో పెట్టి పోతాడు. సగం గొంతు ఇంట్లో, సగం గొంతు మనిషి వెంట. గుడ్డ విప్పినప్పుడల్లా లోపలి గొంతు మేలుకుంటుంది. అక్కడ మనిషి బాగుంటే నిండుగా పలుకుతుంది, జ్వరమొస్తే బొంగురు పోతుంది. తిరిగొచ్చినాక ఆ ముంతతో నీళ్లు తాగితే గొంతు మళ్లీ ఒకటవుతుంది. ఏ కుమ్మరి ముంత మేలన్న దాని మీద తప్ప ఇందులో ఊళ్లో ఎవరికీ వాదన లేదు.

నిద్ర లేస్తూనే చెప్పులు యాడ అని అడిగే అయ్యన్న ఆ ఏడు గుంటూరు వైపు మిరప చేలకు పోయినాడు. మోకాలి నొప్పితో భార్య ఈరక్క ఇంట్లోనే ఉండిపోయింది. కూతురు ఉరుకుందమ్మకు పుట్టుకతోనే చూపు లేదు. కర్నూల్లో అంధుల హాస్టల్లో ఉండి చదువుకుని, కంప్యూటర్ నేర్చుకుని, బస్టాండు దగ్గర దావీదురాజు ఫోన్ బూత్‌లో పనికి కుదిరింది. బూత్‌లో ఒక కంప్యూటరు కూడా ఉంది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్‌ను తనే సీడీలో తెచ్చి దాంట్లో వేసుకుంది.

ఒకనాటి పొద్దున ఈరక్క గుడ్డ విప్పితే ముంతలోంచి మాట రాలేదు. ఊపిరి ఒక్కటే వచ్చింది. అదీ మధ్యలో ఆగి, మళ్లీ ఎగదీస్తూ.

"మీ నాయన గొంతు యాడికి పాయనే?" అంది ఈరక్క.

ఉరుకుందమ్మ చెవి ఆనించి విన్నది. ముంతను చంకన పెట్టుకుని బూత్‌కు నడిచింది. వెనకాలే తల్లి కుంటుకుంటూ వచ్చింది. దావీదురాజు గడప దగ్గరే ఎదురొచ్చినాడు.

"మ్మా, మిరప కూలోళ్ల లారీ తిరగబడిందంట. కూలోళ్లను తోలకపోయిన మేస్త్రీ సెల్లుకు చేస్తాండా, పలకడం లేదు."

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. తెలుగు పేపర్ల పేజీలు ఆ సాఫ్ట్‌వేర్ నోట్లో పడితే అర్థంలేని గోల అయిపోతాయి. అందుకని ఒక ఇంగ్లీషు పేపరు తెరిచింది. హెచ్ మీట నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు దూకింది. క్రికెట్, సినిమా, బంగారం ధర. యంత్రం గొంతు దావీదురాజుకు జొన్నలు వేగినట్టు చిటపటమని వినిపిస్తోంది. ఆమె వేలు టక్కున ఆగింది. వార్త దొరికింది. గాయపడినవాళ్లంతా ఒకే ఆసుపత్రిలో ఉన్నారు, పేర్లు కింద ఉన్నాయి. కిందికి పోతే యంత్రం "గ్రాఫిక్" అని ఊరుకుంది.

"పేర్లన్నీ బొమ్మ చేసి పెట్టినారు న్నా. బొమ్మ చదివేది దీనికి రాదు. నువ్వు చూడు."

దావీదురాజు కూడబలుక్కుంటూ చదివినాడు. అయ్యన్న పేరు లేదు. అన్నిటికన్నా కింద, పేరు తెలియని మగమనిషి, తలకు దెబ్బ.

ఆసుపత్రి పేజీ తెరిచింది. ట్యాబ్ నొక్కితే "లింక్, లింక్, బటన్, బటన్" అంటుందే తప్ప అది దేని బటనో చెప్పదు. రెండడుగులు వేసేలోగా పేజీ తనకు తానే కొత్తగా తెరుచుకుని ఆమెను మొదటికి విసిరేస్తోంది. మళ్లీ దిగింది. మళ్లీ విసిరేసింది. ఒళ్లో ముంత ఊపిరి ఇంకా సన్నబడింది.

"కరెంటు పోయే వేళైతాంది మ్మా," అన్నాడు దావీదురాజు.

ఆమె ట్యాబ్ నడక మానేసింది. వెతికే పెట్టె తెరిచి 'క్యాజువాలిటీ' అన్న మాట కొట్టింది. యంత్రం నేరుగా ఆ మాట మీద వాలి, పక్కనున్న నంబరు ఒక్కో అంకే పలికింది. పేజీ మళ్లీ మొదటికి దూకింది. దూకనీ. అప్పటికే ఆమె చేయి ఫోను మీద ఉంది.

ఎత్తిన నర్సు పేరు జీవమ్మ. "ఆయనకి తెలివి లేదమ్మా. ఎంత పిలిచినా పలకట్లేదు. మొహమంతా కట్లే, గుర్తులేం చెప్పమంటావు?"

"అక్కా, ఫోను ఆయన ముక్కు కాడ పెట్టు."

"ఈ వైరు మంచం దాకా రాదు. నంబరు చెప్పు, నా సెల్లు నుంచి చేస్తా."

ఫోను మోగింది. ఉరుకుందమ్మ రిసీవరు ఒక చెవికి, ముంత ఒక చెవికి ఆనించుకుంది. అటు ఊపిరి. ఇటు ఊపిరి. రెండూ ఒకేసారి ఆగినాయి. రెండూ ఒకేసారి ఎగదీసినాయి.

"నాయనే మ్మా. ఈ సగం గొంతు చేరితే లేస్తాడు, ఫోన్లో పంపిస్తా."

ఈరక్క కూతురి చేయి పట్టేసింది. "వద్దే! పరాయోని చెవిలో పడితే మీ నాయన బతికొచ్చినా సగం మూగోడైతాడు."

"నువ్వూ ఇను."

ఈరక్క విన్నది. "నాకు రెండూ గాలి మాదిరే ఉండాయే," అని ఏడ్చింది.

"నాకు తెలుస్తాండాది. చేయి ఇడువు."

ఈరక్క వేళ్లు ఒక్కొక్కటే వదులయినాయి.

"అక్కా, ఇప్పుడు ఫోను ఆయన చెవి కాడ పెట్టు," అని ఉరుకుందమ్మ రిసీవరును ముంత మూతిలోకి వంచింది. ముంత అదిరింది. చేద తాడు జారినట్టు గొంతు సరసరా వైరులోకి పోయింది. ఆఖరికి ముంత చల్లబడి ఉత్త మట్టి అయింది.

రిసీవరు చెవికి పెట్టుకుంది. అవతల స్ట్రెచర్ బండి చక్రాల చప్పుడు, ఎవరిదో మూలుగు. ఊపిరి వినిపించడం లేదు. దావీదురాజు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

దగ్గు వినిపించింది.

"అమ్మాయ్, నోరు తెరిచాడు!" జీవమ్మ కేక పెట్టింది. "ఉరుకుందమ్మ అంటున్నాడు. ఆడపేరులా ఉందే, ఈయన పేరు అదేనా?"

"కాదక్కా," అంది. "అది నా పేరు. ఆయన పేరు అయ్యన్న. కోసిగి అయ్యన్న. రాసుకో అక్కా."

"రాస్తా, రాస్తా. డాక్టరుగారికి కబురు పంపాను. ఉండు, ఇంకేదో అడుగుతున్నాడు. చెప్పులు యాడ అంటాడేంటి? మంచం దిగుతానంటున్నాడమ్మా!"

ఉరుకుందమ్మ ఆ మాటే తల్లికి చెప్పింది. ఈరక్క బూత్ మెట్టు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆయనే లేప్పా," అంది దావీదురాజుతో. "ఆయనే."