ఏ ఒంటికైనా అతికే తల

నేను ఒక తలను. ఒళ్లు నాది కాదు. యుద్ధట్యాంకు నెత్తిన కూర్చుని గిర్రున తిరుగుతూ, ఆకాశంలో ఎగిరేవాటిని జంట తుపాకులతో కూల్చే ఉక్కు గదిని. టరెట్ అంటారు. మామూలు టరెట్ ఒక ట్యాంకుకే పుట్టి దానితోనే తుప్పు పడుతుంది. నన్ను మాత్రం ఏ ట్యాంకు దొరికితే దాని మీద కూర్చోబెట్టేలా తయారుచేశారు. పొద్దున ఒకదాని మీంచి క్రేనుతో ఎత్తి, మధ్యాహ్నానికి ఇంకొకదాని మీద బిగించేయవచ్చు. చావును కూడా విడిభాగంలా ఎక్కడ కావాలంటే అక్కడ తగిలించుకోవచ్చని కనిపెట్టిన మనుషులంటే నాకు మొదటినుంచీ భయమే.

నన్ను కాగితం మీద గీసింది వసుంధర. హైదరాబాదు శివార్లలోని ఒక కర్మాగారంలో ఇంజనీరు. తల్లికి ఆపరేషన్ జరుగుతుంటే ఆస్పత్రి వరండాలో కూర్చుని కూడా నా బేరింగుల లెక్కలే చూసుకుంది. ఆ తల్లి బతికి బయటపడ్డాక కూతురితో చాలాకాలం సరిగా మాట్లాడలేదట.

నన్ను మోసే ట్యాంకును నడిపేవాడు సాయిలు. కర్మాగారంలో ట్రయల్ డ్రైవరు, నవ్వు ముఖం మనిషి. అతనిదొకటే యావ. నేను కొట్టింది ఆకాశంలోంచి రాలుతుంటే కళ్లారా చూడాలి. పేలిన చప్పుడు వినపడగానే నెత్తిమీది మూత తెరిచి, మెడ సాచి చూసేవాడు. "నడిపేది నేను, తమాషా చూసేది మీరా?" అని అందరినీ ఎగతాళి చేసేవాడు.

నన్ను మొదట బిగించిన ట్యాంకు మీద అలా చూసినా ముప్పు లేదు. నా అడుగున ఒక ఉక్కు రింగుంది, దాని మీద ఒకచోట గట్టు. డ్రైవరు తల ఉన్న వైపు నేను తిరగగానే ఆ గట్టు తుపాకులను పైకెత్తేస్తుంది, కిందికి పేలనివ్వదు. సేఫ్టీ రింగు అనేవారు. కాకపోతే డ్రైవరు కూర్చునే చోటు అన్ని ట్యాంకుల్లో ఒకటి కాదు. ట్యాంకు మారితే నాతోపాటు రింగూ మారాలి.

ఆ రోజు సముద్రం ఒడ్డున ఫైరింగ్ రేంజికి ఢిల్లీ నుంచి పెద్దలు వచ్చారు. వాళ్ల కళ్లముందే నన్ను పాత ట్యాంకు మీంచి దించి, కొత్తదాని మీద బిగించి, పేల్చి చూపాలి. చూపలేకపోతే ప్రాజెక్టు మూతే. వసుంధర ఏళ్ల కష్టమంతా గంగలో కలిసినట్టే. కొత్త ట్యాంకు రింగేమో ఇంకా వర్క్‌షాపులోనే ఉంది.

"రింగు వచ్చేదాకా వాళ్లు ఆగరమ్మా," అన్నాడు ప్రాజెక్టు పెద్ద పద్మనాభం. "డ్రైవర్ని మూత మూసుకోమను, చాలు. మూత కిందుంటే తుపాకులు పైనుంచి పోతాయి. లెక్క నువ్వే వేశావుగా?"

లెక్క నిజమే. మూత మూసి ఉన్నంతసేపు ఏమీ కాదు. తెరిస్తే మాత్రం ఆ మూతా, ఆ తలా నా తూటాల దారిలోకే వస్తాయి. వసుంధర పెదవి కొరుక్కుంటూ సాయిలు దగ్గరికి వెళ్లింది.

"సాయిలూ, ఇవాళ మూత అస్సలు తెరవద్దు."

"ఎందుకు మేడం? పాత బండ్ల ఎన్నడూ మూయలే గదా."

ఆమె వర్క్‌షాపు వైపు చూసింది. ఆ క్షణంలో ఆమె మనసు ఎటైనా తిరిగి ఉండేది. "పెద్దవాళ్లు వచ్చారుగా. పద్ధతిగా ఉంటుంది," అంది.

"గంతేనా? సరే తియ్యుండ్రి," అని నవ్వుతూ దిగి మూత మూసుకున్నాడు.

పైలట్ లేని చిన్న విమానం ఒకటి కుడివైపు నుంచి వచ్చింది. కొట్టాను, రాలింది. "పడింది! పడింది!" అని అందరూ అరిచిన అరుపు సాయిలు చెవులకు తగిలించుకున్న ఫోనులోనూ మోగింది. మూత కదిలింది. పెద్దవాళ్లు ఆకాశంలోకి చూస్తున్నారు కదా, తనను ఎవరు చూడొచ్చారు అనుకున్నాడేమో పాపం. అదే సమయంలో రెండో విమానం ఎడమవైపు నుంచి, నీళ్లకు ఆనుకుని వచ్చింది. రాడారు పట్టింది. నేను తిరిగాను. గట్టు అక్కడ లేదు. తిరగమన్న వైపు తిరగడం, పేలమన్నప్పుడు పేలడం తప్ప నాకు ఇంకేమీ నేర్పలేదు.

రెండోదీ రాలింది. అతిథులు చప్పట్లు కొట్టారు. వాళ్లు కిందికి, తెరిచిన మూత వైపు చూసింది ఆ తర్వాతే.

విచారణ వాళ్లు వచ్చేసరికి కొత్త రింగు నా అడుగున మెరుస్తూ ఉంది. బిగించమన్నది పద్మనాభం. మూత మూసే ఉంచమని చెప్పారా అని వసుంధరను అడిగారు. చెప్పానంది. డ్రైవరు ఆదేశం తప్పాడని తేల్చి వెళ్లిపోయారు. ఎందుకు మూయాలో చెప్పారా అని ఒక్కరూ అడగలేదు. నేను పాసయ్యాను. నాలాంటివి ఇంకా కొన్ని కావాలన్నారు.

చచ్చిపోయిన మనిషి ఉద్యోగం ఇంట్లోవాళ్లకు ఇవ్వడం ఆ కర్మాగారంలో ఆనవాయితీ. సాయిలు భార్య సత్తెమ్మను మా షెడ్డులోనే వేశారు. నా తుపాకులకు గ్రీజు పూసి తుడవడం ఆమె పని. తన మొగుణ్ణి చంపినవి ఇవే అని ఆమెకు తెలుసు. అయినా రోజూ చంటిపిల్లకు ఒళ్లు తుడిచినంత జాగ్రత్తగా తుడిచేది. అది నాకు భరించరానంత బాధగా ఉండేది.

ఒకరోజు వసుంధర నా కొలతలు చూడటానికి వచ్చింది. సత్తెమ్మ గుడ్డ పక్కన పెట్టింది.

"మేడం, నా మొగడు చెప్తే ఇననోడు కాదు. ఎందుకు మూసుకోవాల్నో ఆయనకు చెప్పిండ్రా?"

వసుంధర చేతిలోని కొలత టేపు కింద పెట్టింది. "లేదు సత్తెమ్మా. చెబితే బండి ఎక్కడేమోనని భయపడ్డాను."

"ఎక్కెటోడే మేడం," అంది సత్తెమ్మ. "మీ పని ఆగనిస్తుండెనా? తెలిసే ఎక్కెటోడు. మూత మూసుకొని కూసునెటోడు."

వసుంధర అక్కడే, నా పక్కన నేలమీద కూలబడి ఏడ్చింది. సత్తెమ్మ ఆమెను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. గుడ్డ తీసుకుని రెండో తుపాకీ తుడవసాగింది.