ఫిట్స్ వచ్చిన శనివారం

పంపులు తయారుచేసే కార్ఖానాలో కొలతలు చూడటం నా పని. పైమెట్టు ఎక్కాలంటే పెద్ద చదువు కావాలన్నారు. ఆ చదువు ఆన్‌లైన్‌లో దొరికింది గానీ, చేరేముందే కొన్ని విషయాలు వచ్చి ఉండాలట, దానికో పరీక్షట. నన్ను కోడలిగా తెచ్చుకునేటప్పుడు మా అత్తయ్య కూడా ఇంత ఆరా తీయలేదు.

అత్తయ్య ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఇంట్లో ఎవరు తుమ్మినా ఆవిడకు డ్యూటీ గుర్తొస్తుంది.

ఓ రోజు వంటగదిలో అత్తయ్య పక్కనే నిలబడి మా ఫోర్‌మన్‌కు ఫోన్‌లో మొత్తుకున్నాను.

"లెక్కలు వచ్చు, గ్రాఫులు వచ్చు. ఫిట్సే రావట్లేదు సార్! శనివారంలోగా రాకపోతే నా సీటు గోవిందా!"

రంధ్రంలో ఇరుసు ఎంత బిగువుగా కూర్చోవాలో, ఎంత వదులుండాలో చెప్పే లెక్కను మేం ఫిట్స్ అంటాం. అత్తయ్యకు తెలిసిన ఫిట్స్‌లో నోట్లో నురగ వస్తుంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి.

ఆ రోజు నుంచి నా కుర్చీ చుట్టూ దిళ్లు వెలిశాయి.

"ఏమే, ఆ రోగం లేనివాళ్లకు చదువు చెప్పరా?"

"ఏ రోగం అత్తయ్యా?"

"ఏం లేదులే, చదువుకో" అని కళ్లు తుడుచుకుంది. నాకు చదువు రోగం పట్టిందని దెప్పుతోంది కాబోలనుకుని నేను ముఖం మాడ్చుకున్నాను.

శనివారం రానే వచ్చింది. పరీక్ష ఇంట్లోనే, కంప్యూటర్‌లో; కెమెరాలో ఇంకో మనిషి కనబడితే రద్దు. తలుపేసుకుని కూర్చున్నాను. ఆఖరి ప్రశ్న ఫిట్సే! కొట్టేసి, మళ్లీ వేసి, జుట్టు పీక్కుంటుంటే ఒక్కసారిగా చిక్కు విడిపోయింది. ఒళ్లు మరిచి అరిచాను.

"వచ్చాయి అత్తయ్యా! ఫిట్స్ వచ్చాయి!"

తలుపు దబాలున తెరుచుకుంది. గుమ్మం బయట పొద్దుటి నుంచీ కాపలా కాసిందట మహాతల్లి! నన్ను దిళ్ల మీదకి తోసి, బీరువా తాళాలగుత్తి నా గుప్పిట్లో కుక్కింది.

"ఇనుము పట్టుకోవే, తగ్గుతాయి! సీటు పోతే పీడాపోయె, నువ్వుంటే చాలు తల్లీ!"

తెర ఎర్రబడింది. పరీక్ష రద్దు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆవిడ నా గుప్పిటను రెండు చేతులా బిగించి పట్టుకుని దేవుళ్లందరికీ మొక్కుతోంది. తిట్టడం మానేసి తాళాలు గట్టిగా పట్టుకున్నాను.

కారణం చెప్పమని తెరమీద ఓ గడి కనిపించింది. ఉన్నదున్నట్టు రాశాను: పరీక్ష మధ్యలో ఫిట్స్ వచ్చాయి, మా అత్తగారు పట్టుకున్నారు. అక్షరం అబద్ధం లేదు. సాయంత్రానికి జవాబొచ్చింది, త్వరగా కోలుకోండి, వచ్చే శనివారం మళ్లీ రాయండి అని.

ఈలోగా అత్తయ్యకు అసలు సంగతి చెప్పాను. నవ్వలేదు సరికదా, దిళ్లన్నీ ఏరుకుని తన గదిలోకి పట్టుకుపోయింది. మళ్లీ శనివారం నేను తలుపేసుకోబోతుంటే అడ్డంగా నిలబడింది.

"ఈసారి వస్తే నోరు మూసుకుని రాయి. అరిచావంటే నాకు వస్తాయి."