వంటింటికి కిటికీ

పాలు ఇంకా పొంగలేదు, కొత్త కుండ కదా ఆలస్యం చేస్తుంది, అదీగాక పిప్పి తడిగా ఉంది, మంచులో తడిసిన చెరకు పిప్పిని తెచ్చి పొయ్యిలో కుక్కితే పొగ రాక ఇంకేం వస్తుంది, ఇల్లు బాగుచేయించి పాలు పొంగిస్తున్నాం, నలుగురూ భోజనానికి వస్తారు, ఇవాళొక్కరోజుకి ఎండుకట్టెలు తెప్పించండి అని సూర్యకాంతమ్మ నిన్న మొగుణ్ణి అడిగింది, అడగడం ఆమె వంతు, కాదనడం ఆయన వంతు, యుద్ధం వచ్చి కట్టెలకి రెక్కలొచ్చేయి, ఊరికే వత్తన్న పిప్పి ఉండగా కట్టెలు కొంటామేటే అన్నాడు వెంకటరమణమూర్తి, ఊరికే రావడం నిజమే, బెల్లం వండే రైతులు ఆయన కొట్టుకి దిమ్మలు తోలుకొచ్చినప్పుడల్లా బండిలో ఇంత పిప్పి కూడా వేసుకొచ్చి దొడ్లో పడేసి పోతారు, ఊరికే వచ్చేదాన్ని ఆయన జన్మలో వదిలిపెట్టలేదు, తనని కూడా అందుకే వదిలిపెట్టలేదేమో, ఆ మాటకి ఆమెకే నవ్వొచ్చింది, నవ్వబోతే గొంతులోకి పొగ పోయి దగ్గొచ్చింది, ఊదుగొట్టం అందుకుని కళ్లు మూసుకుని ఊదింది, కళ్లు తెరిచి ఊదడం ఎప్పుడో మానేసింది.

సావిట్లోంచి ఆయన గొంతు వినిపిస్తోంది, సూరిబాబుకి ఇల్లు చూపిస్తున్నాడు, సూరిబాబూ బెల్లం వర్తకుడే, పొద్దున్న వేలంపాటలో ఒకరి నోరొకరు కొట్టుకుంటారు, మధ్యాహ్నం విస్తరి ముందు బావా అంటే బావా అనుకుంటారు, సూడు బావా, సిమెంటు కంట్రోలు, ఇనుం కంట్రోలు, అయినా నా పని ఆగిందేటి, సున్నం గానుగాడించేను, అందులో కలిపే కరక్కాయలు పిరెమని మానేసి మన కొట్లో నీరుకారిపోయిన బెల్లం లేదా, అది కలిపించేను, సగం కర్చుతో తేల్చేసేను అంటున్నాడు, తేల్చేశాడు, సున్నంలో కాసిని బెల్లం నీళ్లు పొయ్యడం ఊరంతా చేసేదే, ఈయన మాత్రం అమ్ముడుపోని సరుకంతా గోడలకి తినిపించాడు, ఇప్పుడు గోడల నిండా చీమలు, ఉప్పుజాడీ మీద చీమలు, పక్కబట్టల్లో చీమలు, ఇన్నేళ్ల కాపరంలో ఆయన నోట ఒక తియ్యని మాట వినలేదు గాని గోడలు మాత్రం తియ్యగా ఉన్నాయి, పైన పటారం లోన లొటారం అని అమ్మ ఎవరినో అంటుండేది, ఎవరినో గుర్తు రావడం లేదు, ఎవరినైతేనేం, సూరిబాబు అంటున్నాడు, ఈ కిటికీ బాగుంది బావా, గాలి బాగా కొడతంది, టేకేనా.

టేకే, ఆ కిటికీ తనది, వంటింటికని చేయించినది, విశాఖపట్నంలో కళ్ల డాక్టరు రెప్పలు ఎత్తి చూసి, ఈమెకి కావలసింది మందు కాదయ్యా, ముందు వంటింటికి కిటికీ పెట్టించు, ఇంకా ఆ పొగలోనే కూచోబెడితే చూపు దక్కదు అని మొహమ్మీదే చెబితే ఈయన కూడా భయపడ్డాడు, అబద్ధమెందుకు, తిరుగు రైల్లో ఆమె పక్కనే కూచుని, పెట్టించేత్తాను లేవే, ఇల్లు బాగుసేయించడం మొదలెడితే ముందు నీ కిటికీయే అన్నాడు, ఆ మాట పట్టుకుని ఎన్నాళ్లు పొగ మింగిందో, పని మొదలైన రోజు తాపీమేస్త్రీ రసూల్ గుమ్మం అవతలే నిలబడి, అమ్మగారూ, పొయ్యి కాడ కూకునేది తవరు, కిటికీ ఎక్కడెట్టమంటారో తవరే సెప్పండి అన్నాడు, ఈ ఇంట్లో ఏది ఎక్కడుండాలో ఆమెని అడిగినవాడు అతనొక్కడే, ఆమె పీట మీద కూచుని, వండుతున్నట్టు చేతులాడించి, గాలి ఎటునుంచి వస్తుందో ముఖం తిప్పి చూసుకుని, ఇక్కడ అని బొగ్గుతో గోడ మీద గీత గీసింది, మర్నాడు గోడ పగిలి అక్కడ ఇంత వెలుగు పడింది, దొడ్లో దండెం మీద ఆరేసిన తన చీర తనకే కొత్తగా కనిపించింది, ఆ కొద్దిరోజులూ పొగ బుద్ధిగా బయటికి పోయేది, వండుతూ కూనిరాగం కూడా తీసింది, ఆడపడుచు చిన్నమ్మలు విని, ఏటి వదినా, పెళ్లికూతురివయిపోతన్నావు అని నవ్వింది, సిగ్గేసింది, బాగుంది కూడా.

తర్వాత ఒక పొద్దున్న రసూల్ ఆమె వైపు చూడకుండా ఆ కంతలో ఇటుకలు పేర్చడం మొదలెట్టాడు, ఇదేటి మేస్త్రీ అంటే, బాబుగారు సెప్పేరమ్మా అన్నాడు, బాబుగారిని అడిగితే, వీధివైపు సావిడికి రెండు కిటికీలు ఆనడం లేదు, మూడోది సేయించాలంటే ఈ యుద్ధంలో టేకు ఎక్కడ దొరుకుతాది, ఉన్నదాన్ని దొడ్డివైపు పెట్టి ఎవరికి సూపిత్తావు, యుద్ధం అయ్యేక నీకు ఇంకోటి అన్నాడు, డాక్టరు చెప్పేడు కదండీ అని మాత్రం అంది ఆమె, ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు, ఆ కాకికి భోజనం వడ్డించి తాంబూలం కూడా ఇచ్చింది తను, తరవాత కళ్లు మసకేస్తే సున్నం దుమ్మనుకుంది, రాత్రిళ్లు మసకేస్తే కిరసనాయిలు దొరక్క దీపం వత్తి దించేశాం కదా అనుకుంది, బియ్యంలో రాళ్లు వేళ్లతో తడిమి ఏరుతుంటే చేతికి అలవాటైపోయిందిలే అనుకుంది, పగలైతే పొగ, పొగ ఉండనే ఉంది, ఇంకో కారణం వెతుక్కోవలసిన పనే పడలేదు.

దగ్గు వినిపించింది, ఆమెది కాదు, సూరిబాబు వంటింటి దాకా వచ్చి గుమ్మంలోంచే వెనక్కి తగ్గాడు, ఇదేటి బావా, ఇంత సేయించి వంటింటికి కిటికీ లేదేటి అన్నాడు, మా ఆవిడే వద్దంది బావా, సావిడికెట్టండి, నలుగురూ సూసేది అదే కదా, నాకు పొగ అలవాటేనంది, ఇల్లాలంటే అలాగుండాల అన్నాడు మొగుడు, తడుముకోలేదు, గొంతు కూడా మారలేదు, అదృష్టవంతుడివి బావా అన్నాడు సూరిబాబు, మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అని సామెత, కిటికీ తీసుకున్నాడు, పోనీ అనుకుంది, వద్దన్న మాట కూడా తన నోట్లో పెట్టి తనని మెచ్చుకుంటున్నాడే, ఎప్పుడంది, ఏ వారం అంది, వింటున్న చెవులకి మంటెత్తిపోయింది, ఆ సూరిబాబు ఇంటికెళ్లి పెళ్లానికి చెబుతాడు, ఆవిడ ఊరంతా చెబుతుంది, సూర్యకాంతమ్మని చూసి నేర్చుకోండి అంటారు, రేపు ఏ వంటింటికి కిటికీ లేకపోయినా అది తన పేరునే పోతుంది, లేచి సావిట్లోకి వెళ్లి నేననలేదని చెప్పాలనిపించి మోకాలి మీద చెయ్యి కూడా వేసింది, అప్పుడే పొయ్యిలో చుయ్యిమంది, పాలు, ఇవాళ పాల ముందు నుంచి లేస్తే అశుభమంటారు, ఆ అశుభానికీ తన పేరే పెడతారు, మళ్లీ కూచుంది.

పొంగేయి, తూరుపుకే పొంగేయి అంటూ చిన్నమ్మలు వచ్చింది, పొయ్యి మీద నీళ్లు చల్లింది, పిప్పి బయటికి లాగేసింది, దొడ్డి తలుపూ సావిడి తలుపూ బార్లా తెరిచింది, మగాళ్లిద్దరూ పాలు చూడ్డానికి వస్తారు, అప్పుడంటాను, అన్నగారూ, ఆ మాట నేననలేదండీ అంటాను, గట్టిగా అక్కర్లేదు, వినబడేటట్టు అంటే చాలు అని సూర్యకాంతమ్మ మాట కూడగట్టుకుంటోంది, అడుగులు వచ్చి గుమ్మంలో ఆగాయి, పొగంతా పోయింది వదినా, ఇంక కళ్లు తెరువు అంది చిన్నమ్మలు, తెరిచే ఉన్నాయే అనబోయి ఆమె ఆగిపోయింది, రెండు తలుపుల గాలీ ఒంటికి తగులుతోంది, దగ్గు లేదు, ముక్కుకి మాడిన పాల వాసనే గాని పొగ వాసన లేదు, ఎదురుగా తెల్లగా ఉన్నది కొత్త సున్నపు గోడో, కుండలో పాలో, గుమ్మంలో నిలబడ్డ మొగుడి పంచో, రెప్పలు కొట్టుకుంది, కొంగుతో తుడుచుకుంది, అంతా ఒకటే తెలుపు, అనవలసిన మాట నోటి దాకా వచ్చి ఎక్కడికో పోయింది, యుద్ధం అయ్యేక నీకు ఇంకోటి అన్నాడు, చేయిస్తాడేమో, రసూల్ మళ్లీ వచ్చి ఎక్కడెట్టమంటారమ్మా అని అడుగుతాడేమో, ఎక్కడ పెడితేనేం, ఇంట్లో పొగంతా పోయింది, తనకే ఏమీ కనిపించడం లేదు.