అర్మకొండ ఎక్కిన రత్తయ్యగారు

గుడ్లవల్లేరు రత్తయ్యగారు పుట్టి బుద్ధెరిగాక ఎక్కిన ఎత్తల్లా పంట కాలవ గట్టు. అదీ ఆయాసపడుతూ. అలాంటి మనిషికి 1962లో, నూర్పిళ్ళు అయిపోయాక, రాష్ట్రంలోకెల్లా ఎత్తైన అర్మకొండ ఎక్కాలని కోరిక పుట్టింది. కారణం పెద్దదేమీ కాదు. గుడివాడ క్లబ్బులో సాంబశివరావుగారు ఊటీ వెళ్ళొచ్చి మూడు నెలలు అవే కోతలు కోశారు.

భార్య ఝాన్సీలక్ష్మిని వెంట తీసుకెళ్ళింది ప్రేమ కొద్దీ కాదు. ఆవిడ వండి పెట్టకపోతే ఆయనకు ముద్ద దిగదు. విశాఖ ఏజెన్సీలో మొదటి మలుపు దాటేసరికే రత్తయ్యగారు చతికిలబడ్డారు. నలుగురు కొండమనుషులు డోలీ కట్టి ఆయన్ని మోశారు. ఆవిడ మాత్రం అన్నం క్యారేజీ చేత్తో పట్టుకుని, కుచ్చెళ్ళు ఎగదోపి, వెనకాలే నడిచింది. కాళ్ళు బొబ్బలెక్కాయి. అయినా అంత సంతోషం పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆవిడకు ఎప్పుడూ కలగలేదు.

శిఖరం ఇంకో అరమైలుందనగా డోలీ పట్టే దారి లేకపోయింది. రత్తయ్యగారు ఒక బండ మీద కూర్చుని పులిహోర విప్పారు. నువ్వెళ్ళి ఏముందో చూసొచ్చి చెప్పమన్నారు, చేలోకి నీళ్ళెక్కాయో లేదో చూసి రమ్మని పాలేరుని పంపినట్టు. ఆవిడ వెళ్ళి చూసొచ్చింది. తిరుగు రైల్లో గుడివాడ దాకా ఆయన అడిగి అడిగి చెప్పించుకున్నారు, గాలి ఎలా ఉంది, మబ్బులు పైన ఉన్నాయా, కింద ఉన్నాయా అని.

క్లబ్బులో సన్మానం చేసి శాలువా కప్పారు. రత్తయ్యగారు ఆ మబ్బుల్ని సొంతం చేసుకుని అరగంట మాట్లాడారు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న ఝాన్సీలక్ష్మికి ఒళ్ళు మండింది. ఇల్లూ పొలమూ ఎలాగూ ఆయనవే, తను నడిచిన నడక కూడా ఆయనదేనా? కొండ ఎక్కింది తనేనని ఒక్కరికి తెలిసినా చాలుననిపించింది.

అప్పుడు సాంబశివరావుగారు లేచి, శిఖరం మీద నుంచి అవతలి వైపు ఏం కనబడుతుందని అడిగారు. రత్తయ్యగారు రైల్లో ఆ సంగతి అడగడం మరిచిపోయారు. మైకు ముందున్నానన్న ధ్యాస లేకుండా, వంటింట్లో ఉన్న మనిషిని అడిగినంత మామూలుగా భార్యవైపు తిరిగారు.

"ఏమే, అవతలేముంది?"

హాలంతా ఆవిడనే చూసింది. ఝాన్సీలక్ష్మి లేచి నిలబడింది.

"ఆయనకి తెలీదండీ. ఆయన కింద బండ మీద భోంచేస్తున్నారు. పైకెళ్ళింది నేను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో ఉన్న డాక్టరుగారి తల్లి మాణిక్యమ్మగారు మాత్రం కుర్చీ వెనక్కి తిప్పుకుని, "ఇటొచ్చి కూర్చుని, అవతలేముందో చెప్పమ్మా" అంది. ఆడవాళ్ళ కుర్చీలన్నీ ఒక్కొక్కటే తిరిగాయి. రత్తయ్యగారు శాలువాతో మైకు ముందే నిలబడి, తనకూ వినబడుతుందేమోనని చెవి ఒగ్గారు.