పాత శోకం

భువనగిరి కోట కనబడే ఆ సాలెవాడలో ఎవరు పోయినా శోకం ఎత్తుకోవాల్సింది సుభద్రమ్మే. "ఇల్లు బోసిపాయెనే, దీపం ఆరిపాయెనే, పిల్లలను ఎవరికి అప్పజెప్పి పోతివో" అని రాగం తీసిందంటే రాయైనా కరగాల్సిందే. కాకపోతే అందరికీ అదే శోకం. పెండ్లే చేసుకోని గుర్వయ్య పోయిననాడు కూడా, లేని పిల్లలను తలుచుకుని అంతే గట్టిగా ఏడ్చింది.

ఇంటికి రాగానే మగ్గం గుంటలోంచి మొగుడు వెంకటనర్సు పట్టుకున్నాడు.

"గుర్వయ్యకు పిల్లలెక్కడోళ్లే?"

"అలవాటుల వచ్చింది. నీ పరాచికం కొత్తదా మరి?"

అదీ నిజమే. వెంకటనర్సు దగ్గర ఉన్నది ఒకటే పరాచికం. మధ్యాహ్నం అన్నం కాస్త ఆలస్యమైతే చాలు, నేసే నాడె పక్కన పెట్టి పెండ్లాం రాగంలోనే అందుకునేవాడు: "బువ్వా, నా బువ్వా, నన్ను పస్తువెట్టి ఏడ బోతివే!" మొదట్లో వాడకట్టంతా పడీపడీ నవ్వింది. ఏళ్లు గడిచాక పక్కింటివాళ్లు తలుపు వేసుకోవడం మొదలుపెట్టారు.

"నేను పోయిన్నాడన్న గీ ఊరుమ్మడి శోకం తియ్యకు. నాకంటూ ఒకటి జెప్పు," అన్నాడు ఆ రోజు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆమె నిజంగానే మాటిచ్చింది.

ఆ ఎండాకాలమే వాంతులు, బేదులు పట్టుకుని వెంకటనర్సు తెల్లవారేసరికి పోయాడు.

శవం పక్కన కూర్చుని సుభద్రమ్మ నోరు తెరిచింది. "ఇల్లు..." అని ఆగిపోయింది. ఆ శోకం ఎంతమందికి ఇచ్చేసిందో! ఆయనకంటూ ఒక్కటి కావాలి. నోటికి వచ్చేవి మాత్రం అన్నీ ఊరివాళ్ల మాటలే.

"ఏడ్వు వదినా, గుండె పగుల్తది," అని ఆడబిడ్డ బిక్షమ్మ భుజం కుదిపింది. ఊరందరి కోసం ఏడ్చినదానికి మొగుడి కోసం కన్నీళ్లు లేవా అని వెనక గుసగుసలు లేచాయి. లోకులు కాకులని ఊరికే అన్నారా!

పాడె ఎత్తే వేళకు ఎండ మగ్గం మీదికి వచ్చింది. అది ఆయన అన్నానికి లేచే వేళ. ఇంట్లో పొయ్యి వెలగలేదు. సుభద్రమ్మ ఖాళీ మగ్గం వైపు చూసింది. గొంతు దానంతట అదే ఎత్తుకుంది.

"బువ్వా, నా బువ్వా, నన్ను పస్తువెట్టి ఏడ బోతివే..."

వాడకట్టంతా విని విని విసిగిపోయిన మాట అది. ఒక్కరూ నవ్వలేదు. బిక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పాడెకు చెయ్యి వేసినవాళ్లు ఆగిపోయారు.

"ఇగ ఆలస్యం చెయ్యను," అంది సుభద్రమ్మ మొగుడి మొహం మీదికి వంగి. "జర లెవ్వు."